వృక్షార్బుదములు: బుడిపెకఱ్ఱ సేకరణపై ఒక సమీక్ష

వడ్రంగి చెట్టును చూచునపుడు మొదట పరికించునవి దాని నిడుపును నిటారుతనమును. మాను తిన్నగా ఎదిగి, నార వంకర లేక సాగియున్నచో అది దూలమునకును ద్వారబంధమునకును పనికివచ్చునని సంతసించును. నడుమ నెచ్చటనైన బుడిపె కనబడెనా, రంపము సరిగా నడువదనియు, చిత్రిక పట్టినచో పెచ్చులూడుననియు మొగము చిట్లించి మఱియొక చెట్టు కడకు పోవును. చీనా తాత్త్వికుడు చువాంగ్ చూ పేర ప్రసిద్ధమైన గ్రంథమున, ఒక మిత్రుడు తనకున్న మహావృక్షమును గూర్చి చెప్పుచు, దాని బోదె యంతయు గడ్డలు కట్టి కొలనూలుకు నిలువదనియు, త్రోవప్రక్కనే యున్నను వడ్రంగి యెవడును దానివంక కన్నెత్తి చూడడనియు ఆక్షేపింపగా, ఎవరికిని పనికిరాకుండుటచేతనే దానికి గొడ్డలి భయము లేదని ఆ తాత్త్వికుడు సమాధానము చెప్పును. దూలములు మాత్రమే కోరు లోకమునకు ఆ సమాధానము చెల్లును. బుడిపెనే కోరి, దానికొఱకే చెట్టును వెదకికొనుచు పోవు లోకమొకటి కొన్ని శతాబ్దములలోనే మధ్యధరా సముద్రతీరమున తల యెత్తినది. అది నేటికిని అంతరింపలేదు.

బుడిపె పుట్టుక వృక్షశాస్త్రజ్ఞులకు సైతము పూర్తిగా తేలని విషయమే. చెట్టు బెరడు క్రింద ఎన్నో మొగ్గలు నిద్రాణములై యుండును; కొమ్మ విఱిగినపుడో మాను కాలినపుడో మేలుకొని చిగుర్చుటకై చెట్టు దాచుకొన్న ధనమది. గాయము తగిలియో, పురుగు తొలిచియో, శిలీంధ్రము సోకియో, ఒక్కచోట ఆ మొగ్గలు లెక్కకు మిక్కిలిగా పుట్టి, కొమ్మలుగా వెలువడక, ఏటేట క్రొత్త దారువును తమ చుట్టును పేర్చుకొనుచు లోలోపలనే వృద్ధిపొందినచో, నార దిక్కు తప్పి సుడులు తిరిగి మానిపై గడ్డ తేలును. దానిని అడ్డముగా కోసినపుడు ప్రతి మొగ్గయు నడుమ నల్లని చుక్క గల ఒక చిన్న కన్నుగా కనబడును. పనివారు వెల కట్టునది ఆ కన్నుల దట్టమును బట్టియే. అయితే అన్ని బుడిపెలును గాయమువలన పుట్టినవి కావు. కాలిఫోర్నియా తీరపు రెడ్‌వుడ్, మధ్యధరా తీరపు ఎరికా పొద, మొరాకో దేశపు తూయా, ఆస్ట్రేలియాలోని పలు యూకలిప్టసులు — ఈ జాతులయందు మొక్క లేతగా నున్నపుడే మొదట గడ్డ కట్టుట జాతిలక్షణము. నిప్పు వచ్చి పైభాగ మంతయు భస్మమైనను, ఆ గడ్డలో దాగియున్న మొగ్గలనుండి చెట్టు మఱల లేచును. వీనియందు గడ్డ రోగము కాదు, ప్రాణరక్షణము. రోగమువలన పుట్టిన బుడిపెకును రక్షణకై పుట్టిన బుడిపెకును గల ఈ భేదమును చదువరి గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు వివాదమంతయు దీనిపైననే ఆధారపడి యున్నది.

రోమకసామ్రాజ్యపు ధనికులు ఉత్తరాఫ్రికాలోని మారెటానియా కొండలనుండి సిట్రస్ అను కఱ్ఱను తెప్పించి బల్లలు చేయించుకొనెడివారు. పేరు నిమ్మజాతిని తలపించినను, అది నేటి తూయాయే. క్రీ. శ. మొదటి శతాబ్దమువాడైన ప్లినీ తన ప్రకృతిచరిత్ర పదమూడవ భాగమున ఆ పిచ్చిని వర్ణించిన తీరు నేటికిని చదువదగినది. సిసిరో మహావక్తయే గాని మహాధనికుడు కాడు. అతడు సైతము ఒక్క బల్లకు 5 లక్షల సెస్టర్సులు పోసెనట. అసీనియస్ గాలస్ అను వానిది 10 లక్షల బల్ల. పులిచారలుగా నిడుపున సాగినది ఒక తరగతి, చిఱుతమచ్చలుగా సుడులు తిరిగినది వేఱొక తరగతి, అలలు తేలిన వానియందు నెమలిపురి కన్నులను బోలినది మఱింత ప్రియమైనది. ముత్యములకు ధనము తగులబెట్టుచున్నారని మగవారు ఆక్షేపించినపుడు ఆడువారు ఎదురు చూపునవి ఈ బల్లలేనని ప్లినీ వ్రాసెను. పూర్తిగా భూమిలో దాగి పెరిగిన వేరుగడ్డకే అన్నిటికంటె ఎక్కువ మెప్పు; ఇంత వెల పోసి కొనునది నిజమునకు చెట్టు యొక్క దోషమే యని కూడ అతడు ఒక చురక వేసెను. వీనియన్నిటికంటె నాకు ముఖ్యముగా తోచునది అతడు ఏమంత విశేషముగా నెంచక చెప్పిన వేఱొక మాట: శ్రేష్ఠమైన కఱ్ఱకు పేరుపడిన అంకొరారియస్ కొండ అప్పటికే వట్టిపోయెనట. ఒక కొండను ఖాళీ చేయుటకు పెట్రోలు రంపములు అక్కఱలేదు. నూఱుమంది ధనికుల మోజు చాలును.

ఆ వర్ణనమందే పనివానికి పనికివచ్చు విషయ మొకటి కలదు. అక్కడి జనులు పచ్చి గడ్డకు మైనము పూసి భూమిలో పాతుదురనియు, శిల్పులు దానిని ఏడేసి దినములు గోధుమరాశిలో కప్పి, మఱి యేడేసి దినములు విడిచి, మఱల కప్పుదురనియు, అట్లు చేసినపుడు అది కోల్పోవు బరువు ఆశ్చర్యకరమనియు ప్లినీ చెప్పెను. నేటి పనివాడు చేయునది ఇదియే. బుడిపెను మానినుండి వేఱుచేసిన గంటలోపలనే కోతముఖములకు మైనపు పూత వేయవలెను. ఆలస్యమైనచో నీరు కోత వైపునుండి వేగముగా ఆవిరియై సన్నని నెఱియలు బారును. అటుపిమ్మట బెరడు వైపు పాత్రకు అడుగగునా, అంచగునా యని తేల్చుకొనవలెను. బెరడు అంచుగా నిలిపినచో ఎగుడుదిగుడుగా సహజమైన అంచు వచ్చును, అడుగుగా నిలిపినచో కన్నులు లోపలి గోడపై తేలును. తరిమెన పట్టునపుడు మొదటి విడతలో గోడను పాత్ర వ్యాసములో సుమారు పదవవంతు మందము ఉండునట్లు మాత్రమే తొలిచి, నెలల తరబడి నీడపట్టున ఆరనిచ్చి, అది తనకు తోచినట్లు వంగి మెలిదిరిగిన పిమ్మట రెండవ విడతలో తుదిరూప మిత్తురు. వేరుగడ్డయైనచో వేఱొక చిక్కు కలదు: పెరుగుచు పెరుగుచు మట్టిని, గులకఱాళ్లను తనలో ఇముడ్చుకొని యుండును; ఉలి ఒక్కసారి ఆ రాతికి తగిలినచో తరువాతి అర్ధఘంట సానకే సరిపోవును. నార ఒక దిక్కున లేకుండుటచే బుడిపె అన్ని వైపులకును ఇంచుమించు సమముగా ముడుచుకొని, మామూలు కఱ్ఱవలె నిలువున చీలదు. అందుచేతనే అది అలంకారమునకు ముందు వాడుకకు వచ్చినది. ఉత్తరామెరికా తూర్పు అడవులలోని ఆదిమజాతులు బుడిపెను నిప్పుకణికలతో కాల్చి, బొగ్గును గోకి తొలిచి గిన్నెలు చేసికొనిరి. ఐరోపా ఉత్తరకొననున్న సామీ జనులు బర్చి బుడిపెతో చేసికొను కుక్సా అను చేతికప్పు నేటికిని వాడుకలో కలదు.

పొగత్రాగు పైపునకు గిన్నెగా వాడబడు బ్రయర్ కఱ్ఱ ఈ కథలో ప్రత్యేకాధ్యాయము. ఎరికా పొద మొదట, కోర్సికా, కలాబ్రియా మున్నగు చోట్ల రాతినేలలో, కనీసము మూడు పదుల యేండ్లకు గాని అక్కఱకు రాని గడ్డ యిది. త్రవ్వి తీసినవారు దానిని ఎండ తగులనీయక తడిపి యుంచి, ముక్కలుగా కోసి, రాగి కాగులలో దాదాపు ఒక పూట పాటు ఉడికించి, పసరును ఒగరును పోగొట్టి, నెలల తరబడి ఆరబెట్టుదురు. నిప్పు తాకినను మాడిపోని గుణము దానికి అగ్నిమయమైన ఆ నేలలే నేర్పినవేమో! పందొమ్మిదవ శతాబ్దపు నడిమినుండి ఫ్రాన్సులోని సెయింట్ క్లోడ్ పట్టణము ఈ పనికి ప్రసిద్ధి కెక్కినది. ఇక అంబోయినా యను బుడిపె మలుకు దీవులలోని అంబోన్ పేర వెలసినది. అది మన ఎఱ్ఱచందనమునకును వేగిసకును దాయాదియగు చెట్టునుండి లభించునది, ఫిలిప్పీన్సు వారు నరా యని పిలుచుకొని జాతీయవృక్షముగా గౌరవించు జాతి. అట్టి గౌరవము గల జాతియే ప్రకృతిపరిరక్షకుల పట్టికలో అపాయమందున్న వానిలో చేరినది.

ఇంతవరకు చెప్పినది వైభవచరిత్ర. వివాదము ఎక్కువగా రగిలినది కాలిఫోర్నియా ఉత్తరతీరమున. అచ్చటి రెడ్‌వుడ్ లోకమునందలి వృక్షములన్నిటికంటె ఎత్తైనది. హైపీరియన్ అని పేరిడిన చెట్టు 115 మీటర్లకు పైబడినది. నఱకక మిగిలిన ప్రాచీనవనము తొల్లి యున్నదానిలో సుమారు 5 శాతము మాత్రమే. దానిలో పెద్దభాగము 1968 లో ఏర్పడి 1978 లో విస్తరింపబడిన జాతీయోద్యానపు ఎల్లలలోను, దాని నంటియున్న రాష్ట్రోద్యానములలోను కలదు. ఉద్యానము విస్తరించిన కొలదియు రంపపుమిల్లులు మూతబడినవి. ఓరిక్ మున్నగు చిన్న ఊళ్లలో జీవనము చితికినది. 1977 లో ఆ విస్తరణకు ఎదురు తిరిగిన కఱ్ఱపనివారు ఒక రెడ్‌వుడ్ మానిని బ్రహ్మాండమైన వేరుసెనగకాయగా చెక్కి, లారీపై దేశము ఈ కొసనుండి ఆ కొసకు మోసికొనిపోయి, వేరుసెనగ సేద్యమునుండి వచ్చిన అధ్యక్షుడు కార్టరునకు కానుకగా నీయబోయిరి. శ్వేతభవనము వారు దానిని పుచ్చుకొనలేదు, కాయ తిరిగి ఓరిక్ చేరినది. నవ్వు పుట్టించు కథయే గాని, దానిలోని కసి నిజమైనది. మిల్లు పోయిన ఊళ్లలో రహదారి ప్రక్క మిగిలిన వ్యాపారములలో ఒకటి బుడిపెల దుకాణము: బల్లలు, గడియారపు పలకలు, ఎలుగుబంటి బొమ్మలు.

2013, 2014 సంవత్సరముల ప్రాంతమున ఆ ఉద్యానములలో బుడిపెదొంగలు పెచ్చుపెరిగిరి. రాత్రివేళ తలదీపములు కట్టుకొని, పెట్రోలు రంపములతో వచ్చి, శతాబ్దముల వయస్సు గల చెట్ల మొదళ్లనుండి పలకలు పలకలుగా కోసికొనిపోయిరి; గడ్డ పైన ఎత్తున నున్నచో దానికొఱకు చెట్టునే కూల్చిన సందర్భములును కలవు. తుదకు 2014 మార్చి మొదటినుండి ప్రెయిరీ క్రీక్ వనము నడుమ పోవు న్యూటన్ బి. డ్రూరీ మార్గమును సూర్యాస్తమయమునుండి సూర్యోదయమువరకు మూసివేయవలసి వచ్చినది. గడ్డ పోయిన చెట్టు వెంటనే చావదు గదా యని వాదించువారు కలరు. నిజమే, వెంటనే చావదు. కాని చేవ బయటపడిన ఆ గాయమునుండి శిలీంధ్రము చొచ్చును. బరువంతయు మోయు మొదటనే కండ తగ్గినందున గాలివానకు నిలుకడ సన్నగిల్లును. అన్నిటికంటె ముఖ్యముగా, చెట్టు కూలిన నాడు తిరిగి లేచుటకు దాచుకొన్న మొగ్గలన్నియు ఎవరి ఇంటనో వార్నిషు క్రింద నుండును. పేదరికము దొంగను చేసినదని ఒప్పుకొనవచ్చును. కాని రాత్రి కోసిన పచ్చి పలకను పగలు ఏ కాగితమును అడుగక కొన్న దుకాణదారుని విషయమున నాకు అంతటి జాలి కలుగదు.

కఱ్ఱదొంగతనమును నిరూపించుట ఎంత కష్టమో వాషింగ్టన్ రాష్ట్రమునందలి వేఱొక వ్యవహారము చూపును. అది బుడిపె కాదు, వాద్యములకు వాడబడు అలల నార గల మేపుల్ కఱ్ఱ. అయినను వెలకు మూలము నార వంకరయే గనుక చుట్టఱికము కలదు. 2018 లో ఒలింపిక్ జాతీయారణ్యమున 3,300 ఎకరములు కాలిపోయెను. దొంగలు తాము నఱుకదలచిన చెట్టునందలి కందిరీగల పట్టుకు నిప్పు పెట్టుటయే దానికి కారణమని ప్రభుత్వపక్షము వాదించెను. నిప్పునకు సంబంధించిన అభియోగములు నిలువలేదు గాని, మిల్లుకు అమ్మిన పలకల డీఎన్ఏ అడవిలోని మొద్దుల డీఎన్ఏతో సరిపోవుటచే 2021 లో దొంగతనము స్థాపింపబడెను. అమెరికా ఫెడరల్ నేరవిచారణలో వృక్షపు డీఎన్ఏ సాక్ష్యముగా నిలుచుట అదియే మొదలు. అది గొప్ప విద్యయే. కాని ఈ పలక ఏ చెట్టుదో చెప్పగల ఆ విద్య, కోసిన నాటికి ఆ చెట్టు బ్రదికి యుండెనా, గాలికి పడి యుండెనా యను ప్రశ్నకు బదులు చెప్పలేదు. చేతిలోని గిన్నెయు చెప్పదు. ఈ కఱ్ఱవ్యాపారపు మూలవ్యాధి ఇదియే.

కావుననే, బ్రదికియున్న చెట్టును ముట్టక, పడినదానిని, విడిచినదానిని, తీసివేయక తప్పనిదానిని మాత్రమే ఏరుకొందు మనువారి మాటకు ఇటీవల గౌరవము హెచ్చినది. వీనిలో ఎల్ల నిష్కల్మషమైనదిగా నాకు తోచునది కాలిఫోర్నియా లోయలలోని అక్రోటు తోటల కఱ్ఱ. అచ్చట నల్ల అక్రోటు వేరుపై సీమ అక్రోటు అంటు కట్టి పెంచుదురు. కాపు తగ్గిన ముదితోటను రైతు ఎటులనైనను పెఱికివేయును. అపుడు చెట్టును మొదలంట నఱుకక వేరుతోసహా త్రవ్వించినచో, అంటు కలిసిన చోట ముదురు గోధుమరంగును లేతరంగును ఒకదానిలో నొకటి చొచ్చి, తుపాకీ మడమలకును నగలపెట్టెలకును పేరుపడిన చెక్క దొరకును. యజమాని ఎవడో తెలియును, చెట్టు ఏల పోయినదో తెలియును, దాగిన దేదియు లేదు. గాలివానకు కూలిన చెట్లు, రహదారి వెడల్పు చేయుటకై పురపాలకులు తొలగించు నీడచెట్లు ఈ కోవలోనివే. ఆస్ట్రేలియాలో మాలీ పొదల నేలను సేద్యమునకు చదును చేసిన కాలమున వెలువడిన వేరుగడ్డలు బండ్లకొలది పొయ్యిలో వంటచెఱకుగా కాలిపోయినవి. వానిలో కొన్నింటినైనను తరిమెనవాడు దక్కించుకొనెనన్న అది లాభమే. కెనడా పశ్చిమతీరమున పోర్ట్ మెక్‌నీల్ వారు ప్రదర్శనకు పెట్టిన స్ప్రూస్ బుడిపె సుమారు 30 టన్నులు తూగును. అంతటి దానిని తొలిచి గిన్నెలు చేయుటకంటె ఊరి నడుమ నిలిపి చూపుటయే మేలని వారెంచిరి, వారి యిష్టము.

అయితే ఏరుకొనుట యను మాట వినసొంపైనదని దానిని గుడ్డిగా నమ్మరాదు. మొద్దులు చచ్చినవే గదా, వానినుండి గడ్డ తీసికొన్న దోషమేమి యను వాదము అక్రోటు విషయమున నిలుచును. రెడ్‌వుడ్ విషయమున నిలువదు. ఆ జాతిలో నఱికిన మొద్దు చుట్టును పిలకలు వలయముగా లేచి, నూఱేండ్లకు ఒక క్రొత్త తోపు నిలుచును. నేడు మనకు కనబడు రెడ్‌వుడ్‌లలో ఎన్నియో అట్లు పుట్టినవే. ఆ పిలకలకు తల్లి, పైకి చూచువానికి ఎండిన కట్టెగా కనబడు ఆ మొద్దు మొదటి గడ్డయే. తూయా విషయము మఱింత స్పష్టము. మాను నఱికినను అది మొదటినుండి చిగుర్చును. నఱకుటయు చిగుర్చుటయు పలుమాఱులు జరిగిన కొలది భూమిలోని గడ్డ బలియును. మొరాకోలోని ఎస్సవీరా పనివారు కోరునది ఆ బలిసిన గడ్డనే. దానిని త్రవ్వుటతో ఎన్ని గొడ్డళ్లకు నిలిచిన చెట్టైనను ఇక లేవదు. ఎరికా పొదకును ఇదే గతి. ఏ జాతులయందు బుడిపె అత్యంత సుందరముగా, అత్యంత సులభముగా నేలమట్టమున దొరకునో ఆ జాతులయందే మొద్దు చావలేదని చెప్పవలసి వచ్చుచున్నది. కనుక కొనువాడు అడుగవలసినవి రెండు ప్రశ్నలు: చెట్టు పడినదా, నఱకబడినదా యనునది ఒకటి, మొదటినుండి మఱల లేచు జాతియా కాదా యనునది రెండవది. మొదటి ప్రశ్నకు అమ్మువాడు కల్ల పలుకవచ్చును. రెండవదానికి ఏ వృక్షశాస్త్రగ్రంథమైనను బదులు చెప్పును. ఆశ్చర్యమేమన, వ్యాపారమున ఎల్లరును మొదటిదానినే అడుగుచున్నారు.

తెలుగునాట తరిమెనపని లేకపోలేదు. వరాహనది గట్టునగల ఏటికొప్పాక లక్కబొమ్మలు దేశదేశములకు పోవుచున్నవి. కాని ఆ పని కోరునది మెత్తని తిన్నని అంకుడుకఱ్ఱ. తిరుగుచున్న కొయ్యకు లక్కను ఒత్తి మొగలియాకుతో మెఱుగు పెట్టువానికి నార సుడులతో పనిలేదు, రంగు క్రింద అవి కనబడవు. అందుచే మన వేపలయందును చింతలయందును ఉబ్బిన బుడిపెలు సాధారణముగా పొయ్యికో ఇటుకబట్టీకో పోవుచుండును. రహదారుల వెడల్పునకై ఊరూర ముదివేపలు కూలుచున్న ఈ కాలమున ఆ మొదళ్లను వేలమునందు ప్రత్యేకముగా చూపించినచో కొనువారు పుట్టకపోరని నా అభిప్రాయము. నార వంకరకు వెల కట్టినచో ఏమగునో తెలియుటకు మాత్రము మనము కాలిఫోర్నియా వఱకు పోనక్కఱలేదు: శేషాచలపు ఎఱ్ఱచందనమునందు అలల నార గలదానికి జపానులో షమిసెన్ వాద్యమునకై ఎక్కువ వెల పలికినందునను, 1995 నుండి అంతర్జాతీయ వ్యాపారము సైటీస్ ఒడంబడిక అదుపునకు లోబడినను, గొడ్డలి ఆ కొండ దిగలేదు.

చట్టమునందు ఒక విచిత్రము కలదు. 1927 నాటి భారత అటవీ చట్టము ప్రకారము పడిన చెట్టైనను, నఱికిన చెట్టైనను, తొలిచినను తొలువకున్నను, కఱ్ఱ యంతయు కలపయే. కావున అడవిలో గాలికి రాలిన బుడిపెయు సర్కారు సొమ్మే. 2006 నాటి అటవీహక్కుల చట్టము గిరిజనులకు హక్కు గల చిల్లర అటవీఫలసాయమును నిర్వచించుచు వెదురు, తేనె, లక్క, దుంపలతోపాటు మొద్దులను కూడ చేర్చినది. మొద్దు మొదట నేలలో సగము, నేలపై సగము నుండు గడ్డ కలపయా, చిల్లరఫలసాయమా? తూర్పుకనుమలలో ఒక గిరిజనుడు అట్టి గడ్డను భుజాన మోసికొని సంతకు దిగినచో, తనిఖీ గేటు కడ నిలుచు ఉద్యోగి ఏ చట్టమును విప్పునో దానిని బట్టి ఆ మనిషి కూలి దక్కించుకొనుటయో, కేసులో చిక్కుటయో తేలును. కావున అటవీశాఖ జాతులవారీగా ఒక పట్టిక ప్రకటించుట మంచిది: మొదలునుండి చిగుర్చు టేకు, ఎఱ్ఱచందనము, వేగిస వంటివాని మొద్దులను ముట్టరాదనియు, చిగురు ఆశ లేని ఎండుమొద్దులను గ్రామసభ తీర్మానముతో, అధికారి ముద్రతో తీసికొనవచ్చుననియు. ముద్ర వేయవలసినది కఱ్ఱపై కాదు, త్రవ్వక మునుపు నిలిచియున్న మొద్దుపై.